పేర్లు లేని ముగ్గురు

పార్లమెంటు నవ్విన రోజు నేను పలాసలో జీడిపప్పు పొట్టు తీస్తున్నాను. నవ్వింది మా ఆయన గురించే. ఆయన మాత్రం అక్కడ లేడు. పక్క దేశం జైల్లో ఉన్నాడు.

ముందునుంచి చెప్తాను, లేకపోతే మీకూ నవ్వొస్తుంది.

మాది అక్కుపల్లి. దగ్గర నీళ్ళలో చేప దొరకడం తగ్గిపోయాక మా మగవాళ్ళు ఎక్కడ పెద్ద పడవ ఉంటే అక్కడికి కూలికి పోతున్నారు. మా ఆయనా, ఇంకో ఇద్దరూ పారాదీప్ రేవులో ఒక సేఠు పడవ ఎక్కారు. పెద్ద పడవంటే గొప్పగా ఏమీ ఉండదు. దాని పొట్టకు డీజిలు పోయాలి. మునుపైతే వల వేశాక ఇంజను సన్నగా ఆడిస్తూ పడవ ఎటూ పోకుండా పట్టుకునేవారు. డీజిలు ధర చుక్కలనంటాక సేఠు కొలిచి పోస్తున్నాడు. కొలతకు మించి తాగితే వీళ్ళ వాటాలో కోత. అందుకని వల వేయగానే ఇంజను ఆపేసి, నీటివాలుకు పడవను వదిలేసి పడుకుంటారు. మేలుకున్నాక ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి వస్తారు. అన్ని పడవలూ అదే పని చేస్తున్నాయి. ఒకసారి నీరు మామూలుకంటే గట్టిగా లాగింది. తెల్లారి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా వేరే జెండా కట్టిన గస్తీ పడవ ఉంది.

దూరంగా ఉన్న ఇంకో పడవవాళ్ళు చూసి, పట్టుకుపోయారని చెబితే తెలిసింది మాకు. సేఠుకు ఫోను చేస్తే, "నా పడవ పోయిందని నేనేడుస్తుంటే మధ్యలో మీరేంటి? ఎక్కినవాళ్ళ పేర్లు నాకు తెలియవు, మేస్త్రీ తెచ్చాడు" అన్నాడు. మేస్త్రీ కూడా ఆ పడవలోనే ఉన్నాడు. ఆధార్ కార్డులు వాళ్ళ జేబుల్లో ఉన్నాయి. ఆఫీసుల చుట్టూ తిరిగితే అందరిదీ ఒకటే పాట, పైనుంచి సమాచారం రాలేదని. ఎంత పైకి వెళ్ళినా దానికి ఇంకో పై ఉంటుందని ఆ తిరుగుడులోనే తెలిసింది.

అలా రెండు నెలలు గడిచాక పార్లమెంటులో ధరల మీద చర్చ అన్నారు. మా ఎంపీకి మాట్లాడే అవకాశం వచ్చిందట. ఆ పొద్దున్నే ఆయన మనిషి కూర్మనాథం పలాసనుంచి బండి మీద మా వీధికొచ్చి, పేర్లు చెప్పండమ్మా, అయ్యగారు సభలో చదువుతారు అన్నాడు. నేను అప్పటికే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాను. వీధిలో ఉన్నది మా అత్త, మిగతా ఇద్దరి పెళ్ళాలు లక్ష్మమ్మ పిన్ని, పెళ్ళై ఏడాది తిరగని ఉషారాణి.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. పెళ్ళాం మొగుడి పేరు అనకపోవడం చాలా ఊళ్ళలో ఉన్నదే. మా వీధిలో దానిమీద ఇంకోటి ఉంది. సముద్రం మీద ఉన్నవాడి పేరు ఒడ్డున ఎవరూ అనరు. కన్నతల్లి కూడా అనదు. అంటే నీళ్ళు విని, ఆ పేరు పెట్టి వాడిని పిలుస్తాయట. మనిషి ఒడ్డెక్కి, కాళ్ళు కడుక్కుని, గడప దాటాకే పేరు. నేను ఇంటర్ దాకా మందసలో చదివాను, ఇలాంటివి నమ్మను. నమ్మకపోయినా అనలేదు ఎప్పుడూ. రేషను కార్డు దగ్గర కూడా కార్డు చేతికిచ్చి, చూసి రాసుకోండి అంటాను.

కూర్మనాథం అడిగితే మా అత్త, "ఆనంద్ నాన్న" అంది. ఆనంద్ నా కొడుకు. లక్ష్మమ్మ పిన్ని, "ఇందు నాన్న" అంది. ఉషారాణికి ఇంకా పిల్లల్లేరు, ఆ పిల్ల తల వంచుకుని, "మా బావ" అంది. కూర్మనాథానికి తొందర, కార్డులు చూపించమనైనా అనలేదు. మొత్తం అలాగే రాసుకుని, ఫోనులో ఢిల్లీకి కొట్టేశాడు. అక్కడివాళ్ళు ఉన్నదున్నట్టు అచ్చేసి ఎంపీ చేతిలో పెట్టారు. ఆయనైనా ముందు ఒకసారి చూసుకోవాలి కదా! చూసుకోలేదు.

మధ్యాహ్నం ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు వాణి తన ఫోను బల్ల మధ్యలో నిలబెట్టింది. అందరం పప్పు పొట్టు తీస్తూనే చూస్తున్నాం. మంత్రిగారు ధరల గురించి చెబుతున్నారు. ఎక్కడెక్కడో యుద్ధాలు జరుగుతున్నాయట, ఓడలు తిరగడం లేదట, అందువల్ల గ్యాసూ నూనే డీజిలూ పెరిగాయట, ప్రపంచంతో పోలిస్తే మనది నయమట. మా బల్ల దగ్గర ఎవరో, "ఆ నయం మా ఇంటికి ఏ బస్సులో ఒత్తాదో" అంది. ఆ మాటకి నేనూ నవ్వాను.

మా ఎంపీ లేచాడు. తెలుగులోనే మాట్లాడాడు, మిగతావాళ్ళు చెవుల్లో గొట్టాలు పెట్టుకుని వాళ్ళ భాషలో వింటారట. బాగానే మొదలుపెట్టాడు. గ్యాసు బండ అన్నాడు, వంటనూనె అన్నాడు, విదేశీ జీడిపిక్కల ధర పెరిగి పలాసలో జీడి ఫ్యాక్టరీలు వారంలో సగం రోజులు మూతపడుతున్నాయన్నాడు. అది మాకు చప్పట్లు కొట్టదగ్గ మాటే. తర్వాత, "ఈ డీజిలు ధర వల్లే నా నియోజకవర్గంలో ముగ్గురు మత్స్యకారులు పరాయి దేశం చెరలో పడ్డారు" అన్నాడు. నా చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది.

పైన కూర్చున్న అధ్యక్షుడు బల్ల కొట్టాడు. ఇది ధరల చర్చ, విదేశాంగం మీద వేరే చర్చ ఉంది, విషయానికి కట్టుబడండి అన్నాడు. మా ఎంపీ ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటున్నాడు. అంతలో మంత్రి లేచాడు. "సరే, అడుగుతున్నారు కాబట్టి చెప్పమనండి. ఎవరా ముగ్గురు? పేర్లేమిటి? పేర్లు లేకుండా ఏ దేశాన్ని ఏమని అడగాలి?"

మా ఎంపీ కాగితం తీశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆనంద్ నాన్న. ఇందు నాన్న. మా..." అని ఆగాడు. మూడోది చదవాలా వద్దా అని చూసుకున్నాడు. చదివాడు. "మా బావ."

ముందు ఒకళ్ళే నవ్వారు. తర్వాత చెవుల్లో గొట్టాలున్నవాళ్ళకు మాట అందినట్టుంది, వరసగా అందరూ అందుకున్నారు. మా ఎంపీ వైపువాళ్ళు కూడా నవ్వారు. మంత్రి చేతులెత్తి, "గౌరవ సభ్యులు పెళ్ళి పిలుపుల జాబితా తెచ్చినట్టున్నారు" అన్నాడు. ఇంకా నవ్వారు. అధ్యక్షుడు నవ్వు ఆపుకుంటూ, ఆ భాగమంతా రికార్డుల్లోంచి తొలగించండి అన్నాడు. మా ఎంపీ కూర్చున్నాడు. ఎవరో ఉల్లిపాయల గురించి మొదలుపెట్టారు.

వాణి ఫోను తీసేసి జేబులో పెట్టుకుంది. ఎవరూ నా వైపు చూడలేదు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఎవరెవరు నవ్వారో వాళ్ళ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే. మళ్ళీ ఓట్లకు వస్తే బొమ్మ చూసి పోల్చగలను.

ఆ వారంలోనే కూర్మనాథం మా ఇంటికొచ్చాడు. ముఖంలో కాస్త భయం ఉంది గానీ, పని మీద వచ్చాడు కాబట్టి నవ్వు పూసుకున్నాడు.

"భారతమ్మా, ఆదివారం కాశీబుగ్గ కల్యాణ మండపంలో అయ్యగారికి సన్మానం పెట్టినాం. మీ ముగ్గురూ స్టేజీ మీద కూకోవాల. నువ్వు సదువుకున్నదానివి, మైకులో రెండు ముక్కలు సెప్పాల."

"ఏటి సెప్పాల?"

"మా గోడు పార్లమెంటులో ఇనిపించినందుకు దండాలు బాబూ అని. అంతే."

"నవ్వినారు కదా అందరూ."

"ఆ నవ్వు సంగతి మనకెందుకమ్మా? అది రికార్డుల్లో నేదు."

"మావోలు కూడా నేరు గదా రికార్డుల్లో," అన్నాను.

కూర్మనాథం మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర కూర్చుని అంతా విన్న మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఎల్లు. ఏటి సెప్తావో సెప్పు. మైకులో ఆడి పేరు మాత్రం అనకే. ఆడింకా నీల మీదే ఉన్నాడు."

"జైల్లో ఉన్నాడత్తా."

"జైలుకి ఎలాగెల్లినాడు? నీల మీంచే గదా. ఒడ్డెక్కినాడా? కాల్లు కడుక్కున్నాడా? అయితే నీల మీద ఉన్నట్టే."

ఆవిడతో వాదన పెట్టుకోలేను. ఈ రెండు నెలల్లో ఆవిడ సరిగ్గా అన్నం తినలేదు. పేరు అనకుండా కాచుకుంటే కొడుకు వస్తాడన్న ఆశ ఒక్కటే తింటోంది.

ఆదివారం మండపం నిండిపోయింది. శాలువాలు కప్పారు, దండలు వేశారు. ఎంపీ మాట్లాడుతూ, "మీ కోసం నేను పార్లమెంటులో గర్జించాను" అన్నాడు. ఆయన చెడ్డవాడని నేనను. ఆ రోజు నవ్వుల మధ్య ఆయన ముఖం చూశాను, ఆయనకూ అవమానమే అయింది. కానీ ఆ అవమానాన్ని శాలువా కింద దాచి, మాచేత దండాలు పెట్టించుకోవాలనుకోవడం నాకు నచ్చలేదు. కూర్మనాథం నన్ను మైకు దగ్గరికి పిలిచాడు. కింద ముందు వరసలో కూర్చున్న మా అత్త నన్నే చూస్తోంది.

"దండాలు సెప్పమన్నారు," అన్నాను. "దండాలు బాబూ. అదయిపోనాది. ఇంకో మాట సెప్తాను, ఇనండి."

కూర్మనాథం ఒక అడుగు ముందుకేశాడు. ఎంపీ చేత్తో ఆగమన్నాడు.

"ధరలు ఒక చర్చంట, పరాయి దేశం ఇంకో చర్చంట. ఇది ఇందులో మాట్లాడకూడదంట. బాబూ, డీజిలు రేటు పెరిగినాది. సేఠు కొలిసి పోసినాడు. మావోలు ఇంజను ఆపినారు. నీరు లాగీసినాది. ఆ దేశపోలు పట్టుకున్నారు. ఇందులో ధర ఎక్కడ అయిపోనాది, దేశం ఎక్కడ మొదలైనాది? నాను ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసి ఏరతాను. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క. ఇది ఏరమంటే మాత్రం నావల్ల కాదు. మీ ఢిల్లీలో ఎలాగ ఏరినారో నాకు సెప్పండి."

మండపంలో చప్పట్లు పడ్డాయి. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. నాకు హుషారొచ్చింది, అది దాచను.

"నవ్వినారు బాబూ మీ సభలో. మీ ఎనకాలోలు కూడా నవ్వినారు. మావోలు కూలి కోసం ఎల్లి జైల్లో పడితే, ఆల పెళ్ళాలు గేస్ బండ కాడ ఏడుత్తంటే, నవ్వడానికి ఏటుందండి అందులో?"

ఎంపీ లేచి నా పక్కకు వచ్చాడు. ఇంకో మైకు తీసుకున్నాడు. కోపంగా లేడు, అలసటగా ఉన్నాడు. "నువ్వన్నది నిజమే అమ్మా. కానీ మంత్రి పేర్లు అడిగితే నేనేం చెప్పను? మీరు పంపిన కాగితంలో పేర్లే లేవు. ఆనంద్ నాన్న, మా బావ అని ఉంది. అది చదివితే ఎవరు నవ్వరు, చెప్పు?"

ఆ మాటకు మండపంలో కూడా నవ్వు లేచింది. మనవాళ్ళే. పలాసవాళ్ళు, మందసవాళ్ళు, బారువవాళ్ళు. ఢిల్లీ నవ్వుకంటే ఆ నవ్వు నన్ను ఎక్కువ పొడిచింది. అయినా ఎంపీ అన్నదాంట్లో అబద్ధం లేదు. పేరు లేని మనిషిని ఏ దేశమైనా ఎందుకు వదులుతుంది? వాళ్ళు అసలు పట్టుకోలేదంటే మనం ఏం చూపిస్తాం?

చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను. రాలేదు. ఎంపీని నిలదీయడానికి రెండు నిమిషాలు పట్టలేదు, మా ఆయన పేరు దగ్గర మాత్రం ఆగిపోయాను. కింద మా అత్త వద్దని తల అడ్డంగా ఊపుతోంది. రెండు చేతులూ కుర్చీని పట్టుకుని ఉన్నాయి. ఆవిడ ముఖం చూస్తూ చెప్పలేనని, కళ్ళు మూసుకున్నాను.

"నా మొగుడి పేరు మడ్డు తిరుపతిరావు," అన్నాను.

పెద్ద పెద్ద స్పీకర్లలోంచి ఆ పేరు మండపమంతా వినిపించింది. నేను అలా ఎప్పుడూ వినలేదు. నవ్వు ఆగిపోయింది. అన్నాక ఇంక భయం ఏముంది?

"మడ్డు తిరుపతిరావు. ఊరు అక్కుపల్లి. నీల మీద ఉన్నోడి పేరు అనకూడదని మా వీధిలో అంటారు. అంటే నీల్లు ఇంటాయంట. ఇననీండి. ఢిల్లీ ఇనలేదు, ఆ దేశం ఇనలేదు. ఎవులో ఒకలు ఇనాల గదా!"

నా వెనక కుర్చీ కదిలింది. లక్ష్మమ్మ పిన్ని వచ్చి నా చేతిలో మైకు లాక్కుంది. పిన్నికి పెళ్ళై పాతికేళ్ళు దాటింది. "కోనారి సన్యాసయ్య," అంది, తిట్టినట్టుగా. "నా మొగుడు. ఆయన ఒచ్చినాక నన్ను తిడితే తిట్టనీ." ఉషారాణి మైకు దాకా రాలేదు. కూర్చున్న చోటే లేచి, ఏడుస్తూ, కేక పెట్టింది. "కామేశ్! సూరాడ కామేశ్! మా బావ పేరు కామేశ్!"

ఈసారి బావ అన్నదానికి ఎవరూ నవ్వలేదు.

ఎంపీ జేబులోంచి పెన్ను తీశాడు. నేను ఆయన చేతికి నా చెయ్యి అడ్డం పెట్టాను. ఆ పని నేనే చేశానా అని తర్వాత అనిపించింది.

"రాసుకోకండి బాబూ. రాసుకున్నదే నవ్వులపాలైనాది. నోటితో అనండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మేం అన్నాం గదా. మాకంటే మీకు కష్టమా?"

కూర్మనాథం తల పట్టుకున్నాడు. ఎంపీ మండపాన్ని ఒకసారి చూశాడు. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. మైకు పైకెత్తి, "మడ్డు తిరుపతిరావు," అన్నాడు. "కోనారి సన్యాసి..."

"సన్యాసయ్య," అని లక్ష్మమ్మ పిన్ని దిద్దింది. "సివర అయ్య ఉంది బాబూ. మింగీకండి."

"కోనారి సన్యాసయ్య. సూరాడ కామేశ్."

"ఇంకోపాలి," అన్నాను. ఆయన మళ్ళీ అన్నాడు. రెండోసారి ఆయనతోపాటు మండపం కూడా అంది. మూడోసారి ఆయనకంటే మండపమే గట్టిగా అంది.

చివర్లో ఎంపీ మైకు పక్కన పెట్టి, నాతో మెల్లగా అన్నాడు. "విదేశాంగ చర్చ వచ్చే వారం ఉందమ్మా. మా పార్టీనుంచి నాకు సమయం ఇస్తారో లేదో తెలియదు."

"ఇవ్వకపోతే లేచి అనండి. మూడు పేర్లు అనడానికి ఎంతసేపు? సూసినారు గదా ఇప్పుడు."

"రికార్డుల్లోంచి తీసేస్తారు."

"తియ్యనీండి. మల్లీ అనండి. ఆలు తీసిన కొద్దీ మీరు అనండి. మీకు సిగ్గేత్తే మమ్మల్ని అక్కడికి తీసుకెల్లండి, మేం అంటాం."

ఆయన సరే అన్నాడు. సరేలు చాలా విన్నాను, ఇది వాటిలో ఏ రకమో వచ్చే వారం తెలుస్తుంది. వాణిని ఫోను ఛార్జింగు పెట్టి ఉంచమన్నాను.

తిరుగు బస్సులో మా అత్త నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో ఒక్కతే కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను తప్పు చేశాననుకోలేదు. కానీ ఆ పేరు అనకుండా ఉండటమే ఆవిడ కొడుకు కోసం చేయగలిగిన ఒకే ఒక్క పని. దాన్ని నేను అంతమందిలో పాడు చేశాను.

జీడితోటలు దాటి, ఉప్పుగాలి తగిలాక ఆవిడ లేచింది. కమ్మీలు పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఓలే భారతీ, ఇంకోపాలి అను."

"ఏటత్తా?"

"ఆడి పేరు. రెండు నెలలైపోనాది ఇని."

అన్నాను. నెమ్మదిగా, ఆవిడకు మాత్రమే వినబడేలా అన్నాను.

"గట్టిగా అనే. నోట్లో ఏటుంది నీకు?"

గట్టిగా అన్నాను. బస్సులో తలలు తిరిగాయి. టికెట్లు కొడుతున్న కండక్టరు ఆగి, "ఎవులమ్మా ఆయన? ఎక్కడ దిగాల?" అని అడిగాడు.

"నా కొడుకు," అంది మా అత్త, బస్సంతా వినేలా. "మడ్డు తిరుపతిరావు. పక్క దేశపోలు అట్టీపెట్టుకున్నారు. ఎవులైనా అడిగితే పేరు సెప్పు బాబూ."